నమలగలిగినవాడి వైరాగ్యం

1951 ఏప్రిల్‌లో అన్యూరిన్ బెవన్ బ్రిటన్ మంత్రివర్గానికి రాజీనామా చేశాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1948 జులైలో, దేశంలో అందరికీ ఉచితంగా వైద్యం అందించే ఎన్‌హెచ్‌ఎస్‌ని ఆరోగ్యమంత్రిగా మొదలుపెట్టింది ఆయనే. తర్వాత కొరియా యుద్ధం వచ్చింది, ఆయుధాల ఖర్చు పెరిగింది. ఆర్థికమంత్రి హ్యూ గెయిట్‌స్కెల్ ఆ ఏడాది బడ్జెట్‌లో కట్టుడు పళ్ళకీ కళ్ళజోళ్ళకీ అయ్యే ఖర్చులో సుమారు సగం ఇకనుంచి జనమే పెట్టుకోవాలన్నాడు. బెవన్ ఒప్పుకోలేదు. రాజీనామా వెనక వేరే రాజకీయాలూ ఉన్నాయి, కానీ పైకి కనబడిన తగాదా మాత్రం పళ్ళ సెట్టు గురించే.

ఈ కథలో నాకు ముఖ్యంగా తోచేది రాజీనామాకి ముందు జరిగిన సంగతి. ఎన్‌హెచ్‌ఎస్ మొదలైనప్పుడు పళ్ళ సెట్ల కోసం అంతమంది వస్తారని లెక్కలు కట్టినవాళ్ళు ఊహించలేదు. ఏళ్ళ తరబడి బోసినోటితోనో సరిపడని సెట్లతోనో గడిపినవాళ్ళు ఒక్కసారిగా దంతవైద్యుల దగ్గరికి వచ్చిపడ్డారు. వేసుకున్న అంచనాలు ఏ మూలకీ చాలలేదు. మరి వీళ్ళంతా 1947లో ఎక్కడున్నారు? ఇళ్ళల్లోనే ఉన్నారు. మెత్తటివి తింటూ, ఎవరైనా అడిగితే బానే ఉన్నామంటూ కాలం గడుపుతూ ఉండి ఉంటారు. వాళ్ళు అడగలేదు కాబట్టి వాళ్ళకి అక్కర్లేదని లెక్క.

ఆ లెక్క మన ఇళ్ళల్లో ఇప్పటికీ నడుస్తోంది. "ఈ వయసులో పళ్ళెందుకు నాకు" అంటారు పెద్దవాళ్ళు. "అడిగాం, వద్దన్నారు" అంటారు పిల్లలు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్ళ మాటని గౌరవించాలనే కదా మనమూ చదువుకున్నది? పెద్దవాళ్ళ మీద మన ఇష్టాలు రుద్దకూడదు కదా? అయినా ఆ 'వద్దు'ని నమ్మాలా, నమ్మకూడదా అన్నది నాకు తేలిక ప్రశ్నలా కనిపించడం లేదు. ఈ వ్యాసం దాని గురించే.

*

ముందు నోటి సంగతి. తెలుగులో 'పలుకు' అంటే మాట. జీడిపప్పు పలుకు, వక్కపలుకు అన్నప్పుడు పంటికింద పడే చిన్న ముక్క కూడా. నోరు చేసే రెండు పెద్ద పనులూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. వయసు పైబడ్డాక తగ్గేవి కూడా ఈ రెండే, దాదాపు కలిసే తగ్గుతాయి.

జపాన్ వాళ్ళు దీన్ని చాలా శ్రద్ధగా పట్టించుకున్నారు. 1989లో అక్కడి ఆరోగ్యశాఖ, దంతవైద్యుల సంఘం కలిసి '8020' అని ఒక ఉద్యమం మొదలుపెట్టాయి. 80 ఏళ్ళు వచ్చేసరికి కనీసం 20 సొంత పళ్ళు మిగలాలన్నది లక్ష్యం. అప్పటికి ఆ వయసువాళ్ళలో పదింట ఒక వంతు మందికి కూడా అన్ని పళ్ళు లేవు. 2016లో జరిపిన సర్వేలో సగం మందికి పైగా, 51.2 శాతం, ఆ గీత దాటారు. ఒక తరంలో ఇంత మార్పు రావడం చిన్న విషయం కాదు. ముసలితనంలో పళ్ళూడటం విధిరాత అనుకునేవాళ్ళకి ఇది మంచి జవాబు.

అయితే అదే 2016లో జపాన్ వృద్ధ దంతవైద్యుల సంఘం ఇంకో మాట అంది. పళ్ళు లెక్కపెడితే సరిపోదు, నోరు ఏం చేయగలుగుతోందో చూడాలి అని. ఏడు విషయాలు పెట్టుకున్నారు: నోటి శుభ్రత, నోటి తడి, కొరికే బలం, పెదవులూ నాలుకా కదిలే వేగం, నాలుక అంగిలిని నొక్కే ఒత్తిడి, నమలడం, మింగడం. వీటిలో మూడో అంతకంటే ఎక్కువో తగ్గితే దాన్ని ఒక రుగ్మతగా గుర్తించి వైద్యం చేస్తారు. పరీక్షలు చూడటానికి చిన్నపిల్లల ఆటల్లా ఉంటాయి. 'ప', 'త', 'క' అనే అక్షరాలని ఒక్కొక్కటిగా, ఎంత వేగంగా అనగలిగితే అంత వేగంగా అనమంటారు. సెకనుకి ఆరుసార్లు అనలేకపోతే తగ్గినట్టు. మన వర్ణమాల ప్రకారం అవి ఓష్ఠ్యం, దంత్యం, కంఠ్యం. పెదవి, నాలుక కొన, నాలుక మొదలు, మూడూ పరీక్షకి వచ్చేశాయి. ఇంకో పరీక్షలో జెల్లీ మిఠాయి లాంటిది ఇచ్చి 20 సెకన్లు నమలమంటారు. తర్వాత కాసిని నీళ్ళు పుక్కిలించి ఉమ్మితే, అందులోకి ఎంత గ్లూకోజు దిగిందో కొలుస్తారు. బాగా నమిలితే ఎక్కువ దిగుతుంది.

ఈ కొలతలన్నీ బయటినుంచి తీసేవి. మనిషికి లోపల ఎలా ఉందో తెలియాలంటే అడగాలి. అందుకోసం ప్రశ్నావళులున్నాయి. వాటిలో పేరున్నది 1990లో వచ్చిన గోహాయ్. 12 ప్రశ్నలు, అన్నీ గత మూడు నెలల గురించి. పళ్ళ వల్ల తినేవి తగ్గించుకున్నారా, అనుకున్నట్టు మాట్లాడలేకపోయారా, నలుగురి ముందు తినడానికి ఇబ్బంది పడ్డారా, మనుషుల్ని కలవడం తగ్గించారా వంటివి. మంచి ప్రశ్నలే. నమలడం దగ్గర మొదలై మనుషుల దాకా వెళ్ళడం నాకు నచ్చింది.

చిక్కల్లా జవాబుల్లో ఉంది. వైద్యుడు చూసిన నోటికీ, మనిషి తన నోటి గురించి చెప్పేదానికీ అంతగా పొంతన ఉండదని ఈ రంగంలో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. ముఖ్యంగా వయసు మళ్ళినవాళ్ళు, నోరు ఎంత పాడైనా, పెద్ద ఇబ్బందేమీ లేదనే చెబుతారు. జొన్నరొట్టె మానేసి పదేళ్ళయిన మనిషిని, గత మూడు నెలల్లో రొట్టె తినడానికి ఇబ్బంది పడ్డారా అని అడిగితే లేదనే అంటాడు. తింటే కదా ఇబ్బంది! పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసిన మనిషికి నలుగురి ముందు తినే ఇబ్బంది ఎక్కడుంటుంది?

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. ఏదైనా ఫీచర్ మీద ఫిర్యాదులు రాకపోతే రెండు అర్థాలుంటాయి. అది బాగా పనిచేస్తూ ఉండాలి, లేదా జనం విసిగిపోయి దాన్ని వాడటం మానేసి ఉండాలి. ఫిర్యాదుల సంఖ్య మాత్రమే చూసేవాడికి రెండూ సున్నాగానే కనబడతాయి.

*

అందని ద్రాక్ష పుల్లన అని మనకి తెలిసిన మాటే. నార్వే తత్వవేత్త యాన్ ఎల్‌స్టర్ 1983లో ఆ నక్క కథ పేరుమీదే ఒక పుస్తకం రాశాడు. దొరకనిదాన్ని కోరుకోవడం మనసుకి కష్టం, అందుకని అది కోరికనే కుదించేసుకుంటుంది. అలా కుదించుకున్న కోరికని చూసి మనిషి తృప్తిగా ఉన్నాడనుకోవచ్చా అన్నది అక్కడి ప్రశ్న. అమర్త్య సెన్ ఇదే విషయాన్ని పేదరికం వైపునుంచి చూశాడు. ఏళ్ళతరబడి లేమిలో బతికినవాళ్ళు చిన్నచిన్నవాటికే సంతోషపడటం నేర్చుకుంటారు, కాబట్టి సంతోషాన్ని మాత్రమే కొలిస్తే లేమి మన లెక్కలోకే రాదంటాడు.

సెన్ ఇచ్చిన ఉదాహరణల్లో నాకు ఇక్కడ బాగా పనికొచ్చేది ఉపవాసం. ఉపవాసం చేసేవాడూ, తిండి దొరక్క పస్తున్నవాడూ, ఇద్దరి కడుపులోనూ ఉన్నది ఒకటే, అంటే ఏమీ లేదు. కానీ ఇద్దరి స్థితీ ఒకటి కాదు. మొదటివాడు తినగలిగీ మానుకున్నాడు. ఏకాదశినాడు అన్నం మానేసిన ఇంట్లో బియ్యం డబ్బా నిండుగానే ఉంటుంది. అది నిండుగా ఉండటమే ఆ వ్రతానికి అర్థం ఇస్తుంది.

దీన్ని మన సంప్రదాయంలోని వైరాగ్యం పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. ఎందుకంటే పెద్దవాళ్ళ 'వద్దు'కి మనింట్లో దొరికే మొదటి సమర్థన అదే. వయసొచ్చాక జిహ్వచాపల్యం ఏమిటి? నాలుకని జయించాలి కదా? భజగోవిందంలో పళ్ళూడిపోయినా ఆశ వదలని ముసలివాడి మీద ఒక ఎత్తిపొడుపు ఉంది. ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అనే మాట వినని ఇల్లు లేదు. ఈ వాతావరణంలో, 78 ఏళ్ళ మనిషి "నాకు చేగోడీలు కొరుక్కుని తినాలనుంది, పళ్ళు కట్టించండి" అని నోరు తెరిచి అడగడానికి చాలా ధైర్యం కావాలి.

కానీ పళ్ళూడటం వైరాగ్యం ఎలా అవుతుంది? వదులుకోవాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. చేతిలోంచి లాక్కున్నదాన్ని వదులుకున్నానని చెప్పుకోవడం మర్యాద కోసం అనే మాట. చేగోడీ నమలగలిగి, పళ్ళెం పక్కకి జరిపినవాడిది వైరాగ్యం. నమల్లేక జరిపినవాడిది పస్తు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, రెండింటికీ మనం ఒకే మెచ్చుకోలు ఇస్తాం: "ఆయనకి తిండిమీద యావే లేదండీ!"

భర్తృహరిని కూడా ఇక్కడ తలుచుకోవాలి. వైరాగ్యశతకంలో ముసలితనాన్ని వర్ణించే శ్లోకం ఒకటుంది. ఒళ్ళు ముడుచుకుపోవడం, నడక తడబడటం, పళ్ళు రాలిపోవడం, చూపు పోవడం, చెవుడు, నోట్లోంచి చొంగ కారడం, ఇలా వరసగా చెప్పుకుంటూ వస్తాడు. ఆ వెంటనే, బంధువులు మాట లెక్కచేయరనీ, భార్య సేవ చేయదనీ, కొడుకు కూడా శత్రువవుతాడనీ అంటాడు. దీన్ని సాధారణంగా శరీరం మీద విరక్తి పుట్టించడానికి చెబుతారు. నాకు మాత్రం అది ఇంట్లోవాళ్ళమీద ఫిర్యాదుగా వినబడుతుంది. పళ్ళు రాలడం వరకూ ప్రకృతి చేసిన పని. మాట లెక్కచేయకపోవడం మనుషులు చేసిన పని. రెండూ ఒకే శ్లోకంలో ఇమిడిపోయినంత మాత్రాన రెండూ ఒకే జాబితాలోవి అయిపోవు.

*

దీనికి ఎదురుగా ఒక గట్టి వాదన ఉంది. వద్దన్న మనిషిని పట్టుకుని, 'నీది నిజమైన వద్దు కాదు, పరిస్థితి నీ చేత అనిపించిన వద్దు' అని నేను తీర్పు చెబితే, ఆ మనిషి నోటిలో మిగిలిన ఒక్క మాటని కూడా లాక్కున్నట్టే కదా? వాళ్ళకేం కావాలో వాళ్ళకంటే నాకే బాగా తెలుసని ఎవరిచ్చారు నాకు అధికారం?

మా పెద్దమ్మ విషయంలో ఈ చిక్కు దగ్గరగా చూశాను. గుంటూరు దగ్గర పల్లె, 74 ఏళ్ళు. కింది సెట్టు వదులై చాలాకాలమైంది. పళ్ళు తీసేశాక దవడ ఎముక ఏటికేడాది అరుగుతూనే ఉంటుంది, కింది దవడ మరీ ఎక్కువ. పదేళ్ళనాటి సెట్టు ఇవాళ్టి చిగురుకి సరిపోదు. ఇది చాలామందికి తెలియదు, ఒకసారి కట్టించుకుంటే జీవితాంతం వస్తుందనుకుంటారు. సరిపోయిన సెట్టుతో కూడా సొంత పళ్ళతో పోలిస్తే కొరికే బలం నాలుగో వంతో ఐదో వంతో ఉంటుంది. మా అన్నయ్య అడిగినప్పుడల్లా పెద్దమ్మ, "నాకేం నాయనా, పెరుగన్నం ఉంటే చాలు" అనేది. అందరూ తిన్నాక వంటింట్లో ఒక్కతీ కూచుని తినేది. ఎంత సర్దుకుపోయే మనిషో అని చుట్టాలు చెప్పుకునేవాళ్ళు.

చివరికి అన్నయ్య బలవంతాన పట్నం తీసుకెళ్ళి కొత్త సెట్టు చేయించాడు. ఇప్పుడు ఆమె ఏం చేస్తుందంటే, భోజనానికి కూర్చునే ముందు సెట్టు తీసి నీళ్ళ గిన్నెలో పెడుతుంది. ఎప్పటిలాగే పెరుగన్నం తింటుంది. సాయంత్రం మాత్రం శుభ్రంగా కడిగి పెట్టుకుని గుడికి వెళ్తుంది, లలితా సహస్రనామ పారాయణకి. నాలుగేళ్ళుగా ఆ పారాయణకి వెళ్ళడం మానేసిందని ఇంట్లో ఎవరూ గమనించలేదు. అడిగితే మోకాళ్ళ నొప్పులనేది. సకారాలూ తకారాలూ జారిపోతుంటే నలుగురిలో గొంతు కలపలేకపోయిందన్న సంగతి కొత్త పళ్ళు వచ్చాకగానీ తెలియలేదు.

అంటే ఆమె "పెరుగన్నం చాలు" అన్న మాట నిజమే. తిండి విషయంలో ఆమె 'వద్దు' నిఖార్సయిన వద్దు. కానీ ఇంట్లో అందరూ పళ్ళంటే తిండి అనే అనుకుని తిండి గురించే అడుగుతూ వచ్చారు. ఆమె నిజంగా పోగొట్టుకున్నది పలుకు. దాని గురించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. చేయగలిగే వీలు మళ్ళీ దొరికాక, ఏది ఉంచుకోవాలో ఏది వదిలేయాలో ఆమే తేల్చుకుంది.

కొత్త పళ్ళు రాగానే తిండి మారిపోదని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. సెట్టు పెట్టించుకున్నా, తిండి గురించి విడిగా మాట్లాడి సలహా ఇస్తే తప్ప, చాలామంది పాత మెత్తటి తిండికే అంటిపెట్టుకుంటారు. దీన్ని చూపించి, చూశారా వాళ్ళకి అక్కర్లేదు, డబ్బు దండగ అనొచ్చు. నేను అలా అనుకోను. తలుపు తీశాక కూడా మనిషి ఇంట్లోనే కూర్చుంటే, ఆ కూర్చోవడం ఇప్పుడు ఆ మనిషిది.

*

ఇక డబ్బు. వదులు సెట్టుకి ఇప్పుడున్న మంచి మార్గాల్లో ఒకటి కింది దవడలో రెండు ఇంప్లాంట్లు దింపి, సెట్టుని వాటికి తగిలించడం. పళ్ళన్నీ పోయిన కింది దవడకి మొదట ఆలోచించాల్సింది ఇదేనని 2002లోనే మెక్‌గిల్ యూనివర్సిటీలో కలిసిన నిపుణులు అన్నారు. మా ఇంట్లో ఈ చర్చ వచ్చినప్పుడు మాకు చెప్పిన ధర లక్షన్నర. వెంటనే ఎవరో ఒకరు అనే మాట ఉంటుంది కదా, "ఇంకెన్నాళ్ళులే" అని, అదీ వచ్చింది.

అయిదేళ్ళు అనుకుందాం. రోజుకి మూడు పూటల చొప్పున 5,475 భోజనాలు. పూటకి 27 రూపాయలు. ఇలా లెక్కేస్తే చవకే. కానీ ఈ లెక్కని నేనే నమ్మను. అయిదేళ్ళ బదులు ఏడాది అనుకుంటే పూటకి 137 రూపాయలవుతుంది, అప్పుడు వద్దని చెప్పేస్తామా? మిగిలిన ఏళ్ళతో భాగించే పద్ధతిలో మనిషి పెద్దవుతున్నకొద్దీ ఖరీదైపోతూ ఉంటాడు. ఇంకెన్నాళ్ళు అన్నప్పుడు మనం చేస్తున్నది ఆ భాగహారమే.

ప్రభుత్వాలూ ఇదే సందిగ్ధంలో ఉన్నాయి. అమెరికాలో వృద్ధుల కోసం 1965లో పుట్టిన మెడికేర్ మామూలు పళ్ళ వైద్యాన్ని మొదట్నుంచీ పక్కన పెట్టింది. కెనడా 2024లో అందుకోసం కొత్త పథకం తెచ్చి, ముందుగా వృద్ధులతోనే మొదలుపెట్టింది. కర్ణాటకలో దంతభాగ్య పేరుతో పేద వృద్ధులకి ఉచితంగా పళ్ళ సెట్లు ఇచ్చే పథకం వచ్చింది. మన దేశంలో 2024 నుంచి 70 దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్ వర్తిస్తోంది, కానీ అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవాళ్ళ కోసం. పళ్ళు లేవని ఎవరూ ఆస్పత్రిలో చేరరు. సన్నగా, నెమ్మదిగా, ఇంట్లోనే తగ్గిపోతారు.

అందరికీ పళ్ళు కట్టించెయ్యాలని నేననడం లేదు. ఎముక చాలనివాళ్ళుంటారు, మత్తూ కోతా తట్టుకోలేనివాళ్ళుంటారు. మతిమరుపు ముదిరినవాళ్ళకి నోట్లో కొత్త వస్తువు హింస అవుతుంది. వాళ్ళ నోరు శుభ్రంగా, తడిగా ఉంచి, గొంతుకి అడ్డం పడకుండా నెమ్మదిగా తినిపించడమే అసలైన వైద్యం. అన్ని వివరాలూ విని, ఒకసారి ప్రయత్నించి, "ఇక చాలు" అన్నవాళ్ళ మాట చివరి మాట.

అయితే ఆ చివరి మాటకి ముందు చేయగలిగినవి చాలా ఉన్నాయి, అన్నిటికీ లక్షలు అక్కర్లేదు. వదులైన సెట్టుకి లోపలివైపు కొత్త పూత వేయించి సరిచేయించవచ్చు. నోరు ఎండిపోతుంటే వాడుతున్న మందుల చీటీ డాక్టరుకి చూపించవచ్చు. బీపీకి, నిద్రకి, దిగులుకి ఇచ్చే మందుల్లో చాలావాటికి ఆ గుణం ఉంది. పాతకాలం ఇళ్ళల్లో పళ్ళులేని ముసలమ్మకి తాంబూలం చిన్న రోట్లో దంచి ఇచ్చేవాళ్ళు. ఆమెకి వయసైపోయిందని తాంబూలం మాన్పించలేదు, తాంబూలాన్నే ఆమె నోటికి తగ్గట్టు చేశారు. ఇప్పుడు మిక్సీ ఉంది. అన్నం, పప్పు, కూర అన్నీ కలిపి ఒకే గుజ్జు చేయడమూ దాంతో అవుతుంది, బీన్స్ కూర విడిగా, మాంసం విడిగా, దేని రుచి దానికి ఉండేలా మెదపడమూ అవుతుంది. రెండోదానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది.

అడిగే పద్ధతి కూడా మార్చుకోవచ్చు. "పళ్ళు కట్టించమంటారా?" అంటే వచ్చే జవాబు మనకి ముందే తెలుసు. "ఈమధ్య ఏం తినడం మానేశారు? ఎక్కడికి వెళ్ళడం మానేశారు? ఎవరితో మాట్లాడటం తగ్గించారు?" అని అడిగితే కాసేపు ఆలోచించి చెప్పాల్సి వస్తుంది. ఆ జవాబు నోటి గురించే కాకపోవచ్చు. మోకాళ్ళ గురించి కావచ్చు, చెవుల గురించి కావచ్చు, ఎవరిమీదో అలక కావచ్చు. ఏదైనా సరే, ఆ తర్వాత వాళ్ళు "వద్దు" అంటే దేన్ని వద్దంటున్నారో వాళ్ళకీ తెలుస్తుంది, మనకీ తెలుస్తుంది.